కరక్కాయ మరక

"తలుపు తియ్యవే జెస్సీ! తియ్యకపోతే మీ అన్నయ్యని పిలిచి గడియ ఊడగొట్టిస్తాను!"

దీవెనమ్మ అరచేత్తో తలుపు బాదింది. ఆవిడ గొంతు లేచిందంటే నాగాయలంక బస్టాండులో కండక్టరు కూడా విజిలు ఊదడం ఆపి వినాల్సిందే. కూతురు మాత్రం వినలేదు.

"పోనీ ఏడుపు మాని నోరు విప్పు. మంటగా ఉందా? తగ్గిందా, లేదా?"

"తగ్గలేదు. ఇంకా నల్లబడింది. నువ్వెళ్ళమ్మా," అంది లోపల్నుంచి జెస్సీ.

తలుపుకి కాస్త ఎడంగా కోడలు సువర్ణ నిలబడి ఉంది. చేతిలో పుల్ల మజ్జిగ గిన్నె. పొద్దుటి నుంచి ఆ గిన్నె పట్టుకుని ఈ గది ముందుకి రావడం, అత్తగారి చూపు పడగానే మళ్ళీ వంటింట్లోకి పోవడం, ఇదే పనిగా ఉంది ఆమెకి.

"ఎందుకమ్మా ఇంకా ఆ గిన్నె? చేసిన వైద్యం చాలదా?" అంది దీవెనమ్మ.

సువర్ణ తల వంచుకుంది.

రేపు ఉదయం జెస్సీకి ప్రధానం. పాస్టరుగారు పిల్లనీ పిల్లాణ్ణీ పక్కపక్కన నిలబెడతారు. ఉంగరాలూ బైబిళ్ళూ మార్చుకుంటారు. ఈ సాయంత్రమేమో గుడివాడ నుంచి పెళ్ళికొడుకు తల్లి శాంతిగారు ప్రధానం చీర పట్టుకుని స్వయంగా వస్తున్నారు. పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ఆ తర్వాత చీర చేతికివ్వడం వాళ్ళింటి ఆనవాయితీ. చీర చేతికొస్తే పిల్ల వాళ్ళదైనట్టు.

ఆ పిల్ల, ముక్కుకి అటూ ఇటూ మసి పూసినట్టున్న మొహంతో గదిలో గడియ పెట్టుకుని కూర్చుంది.

అసలీ గొడవంతా పెళ్ళికొడుకు అభిషేక్ మాటతో మొదలైంది. మంచివాడే పాపం, కాకపోతే నోటికొచ్చాక ఆలోచించే రకం. సంబంధం ఖాయమైన కొత్తలో ఓ రోజు వీడియో కాల్‌లో, "ఏంటి జెస్సీ, ముక్కు మీద నువ్వులు చల్లుకున్నావా?" అని నవ్వాడు. జెస్సీ కూడా నవ్వింది. ఫోను పెట్టేశాక అద్దం ముందు నుంచి లేవలేదు.

ఆ రోజు నుంచి ఆ బ్లాక్‌హెడ్స్ తప్ప మరో లోకం లేదు పిల్లకి. అవనిగడ్డ ఫ్యాన్సీ షాపు నుంచి ముక్కుకి అంటించి పీకే పట్టీలు తెచ్చుకుంది. పీకిన పట్టీని వెలుగులో పెట్టి, దానికి అంటుకొచ్చిన చుక్కల్ని చూసి సంబరపడేది. ఆ సంబరం తీరకముందే అవి మళ్ళీ మొలిచేవి. ఫోనులో చూసి బొగ్గుపొడి పూసింది. టూత్‌పేస్టు పూసింది. ఉప్పుతో రుద్దింది. చివరికి జడపిన్ను వంచి దాంతో పిండడం మొదలుపెట్టింది. ముక్కు ఎర్రగా కమిలేది గాని చుక్కలు కదిలేవి కాదు.

"ఏదైనా చెయ్యి వదినా, వాళ్ళమ్మగారు అంత దగ్గరగా మొహంలోకి చూస్తారు, నాకు చచ్చిపోవాలనుంది," అని నిన్న ఒళ్ళో తల పెట్టుకుని ఏడిస్తే సువర్ణకి నిజంగానే జాలేసింది. పెడనలో వాళ్ళ అమ్మ మొహానికి కరక్కాయ నూరి పెరుగులో కలిపి పూసుకునేది. ఆ సంగతి చెప్పింది. పొద్దున్నే తనే నూరి, తనే పూసింది. అంతవరకూ ప్రేమే. అందులో అబద్ధం లేదు.

జెస్సీ అన్నయ్య ఎలీషా రొయ్యల చెరువు దగ్గర్నుంచి అప్పుడే వచ్చాడు. విషయం ఫోనులోనే విన్నాడేమో, కాళ్ళు కూడా కడుక్కోకుండా బందరులో చర్మం డాక్టరమ్మకి ఫోను కలిపి, స్పీకరు పెట్టి, చెల్లెలి తలుపుకి ఆనించి పట్టుకున్నాడు.

"ఏం రాసుకున్నావమ్మా?" అంది డాక్టరమ్మ.

"కరక్కాయ పొడండీ, పెరుగులో."

"అంతకు ముందు?"

"ఆవిరి పట్టి... పిన్నుతో పిండానండీ."

"అందరూ చేసే పనే ఇది. బ్లాక్‌హెడ్స్ అంటే మురికి కాదమ్మా, తోమితే పోవడానికి. చర్మంలో ఊరే జిడ్డు రంధ్రంలో అడ్డంపడి, పైన గాలి తగిలి నల్లబడుతుంది. పిండావనుకో, చర్మం చిట్లి పుండు పడుతుంది. పట్టీ పీకితే పైది ఊడుతుంది, కిందది అలాగే ఉంటుంది. పొద్దునా రాత్రీ మెత్తటి ఫేస్‌వాష్‌తో కడుక్కో. తలకి పెట్టిన కొబ్బరినూనె మొహం మీదకి జారనివ్వకు. నేను మందు రాసిస్తాను, పల్చగా రాసుకుంటే మెల్లిగా తగ్గుతాయి, మళ్ళీ రావడం కూడా తగ్గుతుంది. కాకపోతే ఓ రెండు నెలలు ఓపిక పట్టాలి."

"రేపే ప్రధానమండీ!" అంది దీవెనమ్మ, ఫోను లాక్కున్నంత పని చేసి.

"అయితే ఉన్న చుక్కలతోనే కూర్చోబెట్టాల్సిందమ్మా. చుక్కలు చూసి ఎవరు పారిపోతారు? సరే, ఆ నలుపు సంగతి చెప్పండి. దేంతో కడిగింది?"

"పంచాయతీ మోటారు కాలిపోయిందండీ, కుళాయి రావడం లేదు. బోరింగు కొట్టుకుని కడుక్కుంది," అన్నాడు ఎలీషా.

"తుప్పు నీళ్ళా?"

"ఎర్రగా వస్తాయండీ."

"అదీ సంగతి. ఆ నీళ్ళలో ఇనుము ఉంటుంది. కరక్కాయకి ఇనుము తగిలితే నలుపే. పిండిన రంధ్రాల్లోకి దిగి ఉంటుంది. భయం లేదు, కొద్దిరోజుల్లో దానంతటదే పోతుంది. మంచినీళ్ళతో కడిగి వదిలెయ్యండి. నిమ్మకాయ, మజ్జిగ, ఇంట్లో ఉన్నవేవీ ఇంక పెట్టకండి."

సువర్ణ మజ్జిగ గిన్నెని చీర కొంగు చాటుకి తీసుకుంది.

ఫోను పెట్టేశాక దీవెనమ్మ మెల్లిగా కోడలి వైపు తిరిగింది. ఆవిడ అరిచినప్పుడు ఎవరూ భయపడరు. గొంతు తగ్గించినప్పుడే భయం.

"అరటికాయ తరిగితే చేతులు నల్లబడతాయే, అదే కదూ ఇదీ?"

"అవునత్తయ్యా."

"మాకంటే తెలియదు. పెడనలో అద్దకం షెడ్డులో పుట్టి పెరిగినదానివి. మీ నాన్న చేసే పనంతా ఆ కరక్కాయా ఆ ఇనుప నీళ్ళూనేగా. నీకూ తెలియదా అమ్మాయ్?"



"ఆపమ్మా!" అన్నాడు ఎలీషా. "తెలిసి ఎవరైనా చేస్తారా? దానికి జెస్సీ అంటే ప్రాణం. నా భార్య సంగతి నాకు తెలియదా? ఇంకొక్క మాట అన్నావంటే నేను ఊరుకోను."

పెళ్ళయ్యాక ఎలీషా తల్లికి ఎదురు మాట్లాడడం సువర్ణ వినలేదు. ఎన్నిసార్లో ఆశపడింది, తన తరఫున ఒక్క మాట అంటాడేమోనని. ఆ మాట ఇవాళ అన్నాడు. విన్న సువర్ణకి సంతోషం కలగలేదు. గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, గట్టు మీద పెట్టి, ఏడవడానికి కూడా మొహం చెల్లక అలాగే నిలబడిపోయింది.

ఎదురుగా కిటికీ. కిటికీలోంచి పెరట్లో బోరింగు. బోరింగు కింద గచ్చు తుప్పు పట్టి ఎర్రబారిపోయి ఉంది. పొద్దున తను నిలబడింది ఇక్కడే.

పూసింది ఆరాక కడగడానికి మంచినీళ్ళ టిన్ను తెస్తానని లోపలికొచ్చింది. "అక్కడే కూర్చో, కదలకు," అని చెప్పింది కూడా. టిన్ను ఎత్తి పట్టుకుని తలెత్తేసరికి, మంట ఓర్చుకోలేక కాబోలు, జెస్సీ లేచి బోరింగు వైపు నడుస్తోంది.

కరక్కాయలో నానేసి ఆరేసిన గుడ్డ దగ్గరికి చిన్నప్పుడు తనని రానిచ్చేవాడు కాదు నాన్న. "ఆ ఇనుప నీళ్ళ చేతుల్తో ముట్టుకోకే తల్లీ, ముట్టుకున్న చోటల్లా నలుపు దిగుతుంది, ఇంక పోదు," అనేవాడు. బెల్లం నీళ్ళలో పాత ఇనుము నానేసి పులియబెట్టిన ఆ నీళ్ళు చూడ్డానికి ఏ రంగూ లేనట్టుంటాయి. అచ్చు ముంచి గుడ్డ మీద వేస్తే చాలు, చూస్తూ ఉండగానే నల్లగా పువ్వు లేస్తుంది. అక్షరాలు రాకముందే తెలిసిన విద్య అది సువర్ణకి. మరిచిపోయే ప్రశ్నే లేదు.

జెస్సీ బోరింగు చెయ్యి పట్టుకుంది. "జెస్సీ, ఆగు," అంటే చాలు. పెరడేమీ మైళ్ళ దూరం లేదు. నోరు తెరిచింది కూడా.

సరిగ్గా అప్పుడు, ఎక్కడ దాక్కుందో ఏమో, ఆ పాత మాట వచ్చి గొంతుకి అడ్డంపడింది.

సువర్ణ పెళ్ళినాటి మాట అది. తెల్లచీర కట్టుకుని చర్చి మెట్ల మీద నిలబడింది. గోళ్ళ సందుల్లో అద్దకం నలుపు ఎంత తోమినా వదల్లేదు. ఆడపడుచు హోదాలో పక్కన నిలబడ్డ జెస్సీ ఆ చేతులు చూసి, "పెళ్ళికూతురి చేతులేనా ఇవి, మూకుడు తోమి వచ్చిందా?" అంది. ఆడవాళ్ళంతా నవ్వారు. హాల్లో తగిలించిన పెళ్ళి ఫోటోలో సువర్ణ చేతులు పూలగుత్తి వెనక ఉంటాయి. చుట్టాలొస్తే ఇప్పటికీ కొంగు కిందే ఉంటాయి.

తెరిచిన నోరు మూసుకుంది. జెస్సీ దోసిలి పట్టి మొహాన నీళ్ళు కొట్టుకుంది. ఒక్కసారి, మరోసారి. టిన్ను మోస్తున్న చేతులు లాగేస్తున్నా సువర్ణ కదల్లేదు.

జెస్సీ కేక విన్నాకే పరిగెత్తింది, ఏమీ తెలియనట్టు. ఆ పరుగు గుర్తొస్తే సువర్ణకి తన మీద తనకే అసహ్యం వేస్తోంది. మాట ఆపుకోవడం ఒక తప్పు. ఆ పరుగు దాన్ని మించిన తప్పు.

"సువర్ణా!" అని ఎలీషా కేకేశాడు. "శాంతిగారు అవనిగడ్డ దాటారట. కారులో వస్తున్నారు. టీకి పాలు పెట్టు."

ఇంటికంతా ఒక్కసారిగా కాళ్ళొచ్చినట్టయింది. దీవెనమ్మ పౌడరు డబ్బా పట్టుకుని మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చింది.

"ఇదిగో జెస్సీ, మందంగా పౌడరు కొడదాం. ట్యూబులైటు ఆపేస్తాను, కిటికీకి వీపు పెట్టి కూర్చో. ముసుగు ముందుకి లాక్కో, ప్రార్థన కదా, ఎవరూ అనుమానపడరు. ఇంక అంతా కలిసొస్తే..."

తలుపు తెరుచుకుంది.

జెస్సీ గడపలో నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బాయి. ముక్కుకి రెండు వైపులా, గడ్డం మీద బూడిద నలుపు. పిన్నుతో పిండిన చోటల్లా చుక్క చుక్కగా మరింత నలుపు. పోగొట్టుకోవాలనుకున్న చుక్కలన్నిటికీ ఎవరో ఒక్కొక్కటిగా సిరా దిద్దినట్టుంది. దీవెనమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పౌడరు వద్దమ్మా," అంది జెస్సీ. "ఇంకోటి. వదినని ఏమీ అనకు. నీళ్ళు తెస్తాను కూర్చోమని వదిన చెప్పింది. బోరింగు నీళ్ళు తగలకూడదని కూడా చెప్పింది. నేనే వినలేదు."

"చూశావా?" అన్నాడు ఎలీషా తల్లితో.

దీవెనమ్మ "మరి ఆ మాట పొద్దున్నే ఏడవచ్చుగా," అని గొణుక్కుంటూ హాల్లో కుర్చీలు సర్దడానికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, వంటింటి గడపలోకి వచ్చి నిలబడ్డ కోడలి భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసింది. క్షమాపణ అడగడం ఆవిడకి వచ్చినంతలో అదే.

ఆ చెయ్యి పడిన చోట సువర్ణకి కాలినట్టయింది. బోరింగు నీళ్ళ సంగతి తను చెప్పలేదు. ఒక్క ముక్క చెప్పలేదు.

"వదినా, మంచినీళ్ళూ దూదీ తీసుకురా. డాక్టరమ్మ కడగమంది కదా," అంది జెస్సీ.

గదిలో మంచం మీద జెస్సీ కూర్చుంది. సువర్ణ ఎదురుగా కూర్చుని, దూది తడిపి, ముక్కు పక్కన ఆనించింది. దూదికి కాస్త బూడిద రంగు అంటింది గాని నలుపు వదల్లేదు.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"బోరింగు సంగతి నేను చెప్పానని ఎందుకన్నావు జెస్సీ?"

జెస్సీ కళ్ళు మూసుకునే ఉంది. "ఒక్క మాట అడుగుతాను. నిజం చెప్తావా?"

"అడుగు."

"నేను బోరింగు కొడుతున్నప్పుడు వంటింటి కిటికీలో ఉన్నది నువ్వే కదా?"

సువర్ణ చేతిలో దూది ఆగిపోయింది.

"నీళ్ళ టిన్ను పట్టుకుని నిలబడ్డావు. నన్నే చూస్తున్నావు. నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నావు. ఏంటో చెప్పబోయి మర్చిపోయావేమో అనుకున్నాను. ఇందాక డాక్టరమ్మ ఇనుము అనేదాకా నాకేం అర్థం కాలేదు," అంది జెస్సీ. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని సువర్ణకి అనిపించింది. "నువ్వే కదా వదినా?"

"నేనే," అంది సువర్ణ.

"ఎందుకు?"

"నా పెళ్ళిరోజు... చర్చి మెట్ల మీద... నా చేతులు చూసి నువ్వొక మాట అన్నావు."

"ఏమన్నాను?"

సువర్ణ ఆమె మొహంలోకి చూసింది. నాటకం కాదు. జెస్సీకి నిజంగానే గుర్తు లేదు. ఇన్నాళ్ళూ తను లోపల దాచుకుని, పులుసులాగా ఎప్పటికప్పుడు వేడి చేసుకుంటున్న మాట, అన్నదానికి ఆ సాయంత్రానికే గుర్తు లేకుండా పోయింది. చెప్పక తప్పలేదు. చెప్తుంటే ఎంత చిన్న మాటగా వినపడిందంటే, సువర్ణ చివరి ముక్క మింగేసింది.

జెస్సీ కళ్ళు తెరిచింది. సువర్ణ చేతులు తీసుకుని వేళ్ళు తిప్పి చూసింది. గోళ్ళు ఇప్పుడు శుభ్రంగానే ఉన్నాయి.

"అలా అన్నానా నేను?"

"అన్నావు."

"సిగ్గులేని మాటే అన్నాను," అంది జెస్సీ. "కానీ వదినా, ఆ రోజు నీ చేతులు ఫోటోలో దాచుకున్నావు. నేను దీన్ని ఎక్కడ దాచుకోను?"

 

బయట కారు హారను మోగింది. "వందనాలు వదినగారూ, రండి రండి," అని దీవెనమ్మ గొంతు, ఎలీషా చెప్పుల చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు వినిపించాయి. జెస్సీ లేచి చీర కుచ్చిళ్ళు సరిచేసుకుంది. సువర్ణ చెయ్యి వదల్లేదు.

"రా వదినా. మొహానికి ఏమైందని ఆవిడ ఎలాగూ అడుగుతారు. నువ్వే చెప్పు. ఏం చెప్పినా సరే, నేను నోరు మెదపను."

"జెస్సీ, నా వల్ల కాదు."

"నా మొహం పెట్టుకుని నేనొస్తున్నాను కదా," అంది జెస్సీ.

హాల్లో దీవెనమ్మ ట్యూబులైటు ఆపేసింది గాని పడమటి కిటికీలోంచి ఎండ నేరుగా లోపలికి పడుతోంది. శాంతిగారు బంగారు అంచు జరీ తళుక్కుమంటున్న చీర కవరు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు. ఆవిడ చల్లటి మనిషి. నవ్వుతూ, "ఇలా రామ్మా," అని, ప్రార్థన కాగానే ఇవ్వడానికి కవరు ఎడమచేతిలో సిద్ధంగా పట్టుకుని, నుదుటి మీద పెట్టడానికి కుడిచెయ్యి ఎత్తారు.

ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగింది.

"ఏమైందమ్మా మొహానికి?"

"అబ్బే, ఏదో క్రీము పడలేదండీ, డాక్టరమ్మ పర్వాలేదంది," అని దీవెనమ్మ అందుకుంది.

శాంతిగారి చూపు జెస్సీ మీదే ఉంది. "నువ్వు చెప్పమ్మా."

"మా వదిన చెబుతుందండీ," అంది జెస్సీ.

అందరూ సువర్ణ వైపు తిరిగారు. టీ కప్పుల పళ్ళెం పట్టుకున్న ఎలీషా మొహంలో ఇందాకటి నమ్మకం చెక్కు చెదరకుండా అలాగే ఉంది. ఒక్క అబద్ధం చాలు, అది అలాగే ఉంటుంది. కొత్తగా తయారు చెయ్యాల్సిన అబద్ధం కూడా కాదు, జెస్సీ ఇప్పటికే చెప్పి పెట్టిందే.

"కరక్కాయ పూసింది నేనేనండీ," అంది సువర్ణ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మా నాన్నది పెడనలో అద్దకం పని. కరక్కాయ మీద బోరింగు నీళ్ళు పడితే నల్లబడుతుందని నాకు బాగా తెలుసు. తను బోరింగు దగ్గరికి వెళ్తుంటే కిటికీలోంచి చూశాను. ఆపలేదు."

"సువర్ణా!" అన్నాడు ఎలీషా.

దీవెనమ్మ గోడకి ఆనుకుంది.

"తెలిసే ఊరుకున్నావా?" అని అడిగారు శాంతిగారు.

"అవునండీ. తెలిసే."

శాంతిగారు సువర్ణ మొహం చూశారు. జెస్సీ మొహం చూశారు. ఆ ఇంటినంతా చూశారు. ప్రార్థనకని ఎత్తిన చెయ్యి దించి, ఇవ్వబోయిన చీర కవరు మళ్ళీ తన ఒళ్ళోకి తీసుకున్నారు.